పొట్టి గుమ్మమూ పురపాలక సంఘమూ

వేణుగుంట పురపాలక సంఘం ఛైర్మన్ గారు ఒక పెళ్ళివారింట భోజనానికి కూర్చుంటే, ప్లాస్టిక్ కుర్చీ నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి చాపేసింది. ఛైర్మన్ గారికి పెద్ద దెబ్బేమీ తగల్లేదు. తగిలిందల్లా పక్కనున్న సాంబారు గిన్నెకే. మామూలు రోజుల్లో అయితే "ఆయన కూర్చుంటే కుర్చీ మాత్రం ఏం చేస్తుంది పాపం" అనుకుని ఊరు రెండు రోజుల్లో మరిచిపోయేది. కాని ఖర్మ కాలి, సరిగ్గా ఆ నెలలోనే కౌన్సిలర్లు పదకొండు మంది విదేశాల్లో అధ్యయన యాత్ర ముగించుకుని వచ్చారు. అక్కడ ఎవరింటి మెట్ల మీద ఎవరు జారిపడ్డా ఇంటివాడే జవాబుదారీ అట. అందుకని ఇంటింటికీ బీమా ఉంటుందట. పడ్డవాడు లేచి బట్టలు దులుపుకునే ముందు ఫొటో తీసుకుంటాడట. మన ఊరి జనం ఇన్నేళ్ళుగా ఒక్క కాగితమైనా లేకుండా ఊరికే పడిపోతున్నారే అని తల్చుకుని కౌన్సిలర్ల కడుపు తరుక్కుపోయింది.

అలా పుట్టింది "గృహావరణ అతిథి గాయ బాధ్యతా నిబంధన". మొత్తం నలభై ఒక్క క్లాజులు. యాత్రలో తెచ్చిన పుస్తకం పక్కన పెట్టుకుని దాన్ని రాసింది గృహప్రమాద నివారణాధికారి పరాంకుశం గారు. ఆయన ఒక్క ముక్క వదిలిపెట్టే రకం కాదు. గుమ్మం ముందు పేరుకున్న మంచును ఇంటివారు ఉదయం ఎనిమిది లోపు పారతో ఎత్తిపోయాలన్న క్లాజు కూడా ఉన్నదున్నట్టు దించేశారు. నిబంధన అచ్చయిన రోజున వేణుగుంటలో ఎండకి కాకులు కూడా బయటికి రాలేదు. "మనకి మంచు ఎక్కడ పడుతుందండీ?" అని ఒక విలేకరి అడిగితే, "పడ్డాక రాసుకుంటూ కూర్చోమంటారా?" అన్నారాయన.

నిబంధన సారాంశం ఇది. బయటివారు ఎవరైనా ఒక ఇంటి గడప దాటాలంటే ఆ ఇంటికి అతిథి ప్రవేశ యోగ్యతా పత్రం ఉండాలి. ఆ పత్రం కావాలంటే అతిథి గాయ బీమా ఉండాలి. బీమా చెయ్యాలంటే గొడుగునీడ బీమా కంపెనీవారికి యోగ్యతా పత్రం చూపించాలి. ఈ మూడు వాక్యాలూ వరసగా చదివిన కౌన్సిలర్లు బల్లలు చరిచి ఆమోదించారు.

ఊళ్ళో రాకపోకలు ఆగిపోయాయి. మిల్లు వీధిలో ఒకాయన తన బావమరిదితో రోజుల తరబడి కిటికీలోంచే మాట్లాడాడు. మంగలి సోములు గిరాకీలను వాళ్ళ వాళ్ళ అరుగుల కింద, రోడ్డు మీద కూర్చోబెట్టి గడ్డాలు చేశాడు. చుట్టాలు రాకుండా ఇంత మంచి వంక దొరికినందుకు లోలోపల సంతోషించినవాళ్ళు కూడా కొందరు ఉన్నారు. వాళ్ళ పేర్లు మనకెందుకు.

గుండెల్లో రాయి పడింది మాత్రం గానుగ వీధి పేరిందేవికి.

పేరిందేవి పదిహేడేళ్ళు అద్దె ఇళ్ళల్లో కాపురం చేసింది. ఆరు ఇళ్ళు మారింది. పేరంటం పెట్టుకుంటానంటే ఒక ఇంటావిడ నూతిలో నీళ్ళు అయిపోతాయంది. ఇంకొకావిడ గుమ్మం దగ్గర చెప్పులు లెక్కపెట్టింది. మరొకావిడ, "నేనూ ఆ రోజే పెట్టుకుంటున్నానమ్మా, నువ్వు వచ్చి శనగలు పంచుదువుగాని" అంది. శ్రావణ శుక్రవారం వచ్చిందంటే పేరిందేవి ఊరందరి ఇళ్ళకీ వెళ్ళి కాళ్ళకి పసుపు రాయించుకుని వచ్చేదే గాని, తను ఒకళ్ళకి రాసింది లేదు. ఆమె భర్త నరహరి బస్సు కండక్టరు. మెత్తని మనిషి. ఆ మాట తల్చుకున్నప్పుడల్లా అతను ముఖం పక్కకి తిప్పుకునేవాడు.

ఆ ఏడు ఫాల్గుణంలో వాళ్ళు గానుగ వీధిలో ఒక పాత పెంకుటిల్లు కొనుక్కున్నారు. రిజిస్ట్రేషన్ పేరిందేవి పేరు మీదే చేయించాడు నరహరి. మందపాటి గోడలు, చల్లని వసారా, నాలుగడుగుల తొమ్మిదంగుళాల గుమ్మం. శ్రావణం రాగానే పేరిందేవి కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరింది. ఒక్క వీధితో ఆగలేదు. పదిహేడేళ్ళ బాకీ తీర్చుకోవాలన్న ఉత్సాహంలో నాలుగు వీధులు తిరిగి నూటపద్ధెనిమిది మందిని బొట్టు పెట్టి పిలిచింది. రెండో శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటలకి. బొట్టు పెట్టి పిలిచాక ఇంక రావద్దని చెప్పే ఆడది ఈ గోదావరి గడ్డ మీద పుట్టలేదు.

పిలుపులు పూర్తయిన మర్నాడే నిబంధన అమల్లోకి వచ్చింది.

పరాంకుశం గారు మంగళవారం పొద్దున్న పదింటికి తనిఖీకి వచ్చారు. చేతిలో టేపు, చంకలో ఫైలు, జేబులో మూడు రంగుల పెన్నులు. వీధిలోనే ఆగి ముగ్గును చాలాసేపు చూశారు.

"ఇదేమిటమ్మా?"

"ముగ్గండి."

"ముగ్గు అని తెలుస్తూనే ఉంది. దీని మీద అతిథి కాలు వేస్తాడా, వెయ్యడా?"

"ఎవరైనా ముగ్గు తొక్కుతారా అండీ? దాటుకుని వస్తారు."

"అంటే గెంతుతాడు." ఆయన ఎర్రపెన్ను తీశారు. "గృహస్థు ఉద్దేశపూర్వకంగా అతిథిని గెంతించుట. రాసుకున్నాను. గడప ఎత్తు ఆరంగుళాలు. కాలికి అడ్డుపడు నిర్మాణం. దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, అడ్డును అలంకరించుట. కుక్క ఉందా?"

"లేదండి," అన్నాడు నరహరి. ఆ రోజు అతను సెలవు పెట్టాడు.

"అయితే బోర్డు ఏదీ?"

"కుక్కే లేదు కదండీ, బోర్డు ఎందుకండీ?"

"కుక్క ఉందనుకుని భయపడి పరిగెత్తి పడిపోయే అతిథి సంగతేమిటి? 'కుక్క లేదు, అయినను జాగ్రత్త' అని బోర్డు పెట్టాలి. క్లాజు పదిహేడు."

నరహరి తల ఊపాడు. ఎదురు మాట్లాడితే పని జరగదని ఇరవై ఏళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టి నేర్చుకున్నాడు. పరాంకుశం గారు తల వంచి గుమ్మం దాటి లోపలికొచ్చారు. అంగుళం అంగుళం కొలిచారు. కాఫీ ఇస్తే అందులో వేలు ముంచి, నాలుక కాలు ప్రమాదం మధ్యమ స్థాయి అని రాసుకుని, తాగారు. చివరికి పేరంటం విషయం వచ్చింది.

"ఆ రోజు మీరు అతిథులకు ఏం చేస్తారో వరసగా చెప్పండి."

"వచ్చినావిడకి కాళ్ళకి పసుపు రాస్తానండి."

పరాంకుశం గారి పెన్ను ఆగిపోయింది. "ఎక్కడ రాస్తారు?"

"పాదాలకండి."

"తడి పసుపా, పొడి పసుపా?"

"తడిదేనండి. కాస్త నూనె చుక్క కూడా వేస్తాం, పట్టుకుంటుందని."

ఆయన ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి నేరాంగీకారం వినలేదన్నట్టు చూశారు. "గచ్చు నేల. ఆ నేల మీద నూటపద్ధెనిమిది మంది ఆడవాళ్ళు. వాళ్ళ పాదాలకు మీరే, స్వహస్తాలతో, నూనె కలిపిన జారుడు పదార్థం పూసి, నడిచి వెళ్ళండి అంటారు. అంతేనా?"

"బొట్టు పెట్టి, శనగలూ తాంబూలం ఇచ్చి పంపిస్తామండి," అంది పేరిందేవి, తప్పు కాస్త తగ్గుతుందేమోనని.

"చేతులు కూడా ఖాళీగా ఉంచరన్నమాట, పడితే ఆనుకోవడానికి." ఆయన ఫైలు మూశారు. "యోగ్యతా పత్రం ఇవ్వడం సాధ్యం కాదు. శుక్రవారం ఈ గడప లోపలికి ఒక్క అతిథి వచ్చినా ఇంటికి సీలు వేస్తాం."

పేరిందేవికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. పరాంకుశం గారు టేపు చుట్టుకుంటూ, కాగితంలో కూడికలు చూసుకుంటూ బయటికి నడిచారు. గుమ్మం పైకమ్మీ ఆయన నుదుటికి టంగుమని తగిలింది.

పేరిందేవి, ఏడుపు గొంతుతోనే, పుట్టిన దగ్గర్నుంచీ అలవాటైన మాట అనేసింది. "అయ్యో, వెళ్తూ వెళ్తూ తల తగిలిందండీ. కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళండి."

పరాంకుశం గారికి నిబంధనలంటే ఎంత పట్టుదలో శకునాలంటే అంతకు రెండింతలు. రాహుకాలంలో ఫైలు విప్పరు. పిల్లి ఎదురైతే క్యాజువల్ లీవు పెడతారు. గుమ్మం తగిలాక కూర్చోకుండా కదిలే ధైర్యం ఆయనకి లేదు. నుదురు పట్టుకుని వెనక్కి వచ్చి పీట మీద కూర్చుని మంచినీళ్ళు తాగారు. తాగి లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు. ఆయన ముఖంలో మెల్లగా ఒక వెలుగు వచ్చింది.

"అమ్మా, తనిఖీకి వచ్చిన అధికారి కూడా గడప దాటితే అతిథే. క్లాజు నాలుగు, నేనే రాశాను. అంటే నేను మీ ఆవరణలో గాయపడ్డ అతిథిని."

"చిన్న బొప్పేనండి, వెన్నపూస రాస్తాను," అంది పేరిందేవి.

"చేయి వెయ్యకండి!" అన్నారు పరాంకుశం గారు. "నిబంధన వచ్చిన ఈ వారం రోజుల్లో ఊళ్ళో ఒక్క గాయం నమోదు కాలేదు. ఎవరూ ఎవరింటికీ వెళ్ళకపోతే గాయాలెక్కడి నుంచి వస్తాయి? పథకం ఎత్తేస్తారేమోనని నాకు నిద్ర లేదు. ఇది తొలి గాయం. క్లాజు పద్నాలుగు ప్రకారం బీమా సర్వేయరు వచ్చి చూసే వరకు గాయపడ్డవాడు ఆవరణ దాటరాదు. దాటితే గాయపడనట్టు భావించబడును." ఆయన పీట గోడకి జరుపుకుని, హాయిగా ఆనుకున్నారు. "మధ్యాహ్నం కూర ఏమిటమ్మా?"

గొడుగునీడ బీమా కంపెనీ సర్వేయరు మార్కండేయులు బుధవారం వచ్చాడు. ఉత్సాహవంతుడు. వచ్చీ రాగానే పరాంకుశం గారి బొప్పిని మూడు వైపుల నుంచి ఫొటోలు తీశాడు. పక్కన స్కేలు పెట్టి ఇంకోటి తీశాడు. తర్వాత పేరిందేవి వైపు తిరిగి, తమ కంపెనీ పాలసీలో అతిథి శరీరం మొత్తానికి రక్షణ ఉంటుందని చెప్పాడు.

"మొత్తానికేనా అండీ?" అంది పేరిందేవి ఆశగా.

"మొత్తానికే మేడమ్. ఒక్క తల, కాళ్ళు, చేతులు మినహాయింపు. అవి అలవాటుగా తగులుతూ ఉంటాయి కదా, కంపెనీ తట్టుకోలేదు."

"మరి మిగిలిందేమిటండీ?" అన్నాడు నరహరి.

"వీపు ఉంది సార్. వీపుకి అద్భుతమైన కవరేజి." అతను పరాంకుశం గారి వైపు తిరిగాడు. "సార్, ప్రమాదం ఎలా జరిగిందో ఒకసారి చేసి చూపిస్తారా?"

పరాంకుశం గారు లేచి, టేపు చుట్టుకుంటున్నట్టు నటిస్తూ, గుమ్మం వైపు నడిచి, మళ్ళీ టంగుమని కొట్టుకున్నారు. ఆయన పని ఏదైనా శ్రద్ధగా చేస్తారు. మార్కండేయులు సంతృప్తిగా తల ఊపి, "సరిగ్గా ఎక్కడ తగిలిందో చూస్తాను" అని ఫోను కళ్ళకి అడ్డం పెట్టుకుని ముందుకి వెళ్ళి, తనూ కొట్టుకున్నాడు.

"మంచినీళ్ళు తాగి వెళ్ళండి," అంది పేరిందేవి నీరసంగా.

మార్కండేయులు కూర్చున్నాడు. తాగాడు. ఇక చిక్కు మొదలైంది. గాయపడ్డ సర్వేయరు తన గాయాన్ని తానే సర్వే చెయ్యరాదు. పరాంకుశం గారి రెండో బొప్పి నటనలో తగిలింది కనక అసలు గాయమా, ఉపగాయమా తేల్చడానికి ఆరోగ్యాధికారి కావాలి. గుమ్మం ఎత్తు గురించి పట్టణ ప్రణాళికా ఇంజనీరు నివేదిక కావాలి. ఫోన్లు వెళ్ళాయి. గురువారం పొద్దున్న ఆరోగ్యాధికారి వచ్చి, ఇద్దరినీ చూసి, చీటీ రాసుకుంటూ వెళ్ళబోయి కొట్టుకున్నాడు. ఇంజనీరు వచ్చి, "ఇంత పొట్టి గుమ్మం చూడకుండా ఎలా కొట్టుకున్నారండీ అసలు?" అని నవ్వుతూ వెనక్కి తిరిగి కొట్టుకున్నాడు. వీళ్ళంతా ఏమైపోయారో కనుక్కురమ్మని ఆఫీసు నుంచి పంపిన మేనేజరూ, ఆయన వెనకాల వచ్చిన రెవెన్యూ ఇన్స్పెక్టరూ ఒకేసారి బయటికి రాబోయి ఒకే కమ్మీకి కొట్టుకున్నారు. లోపలికి వచ్చేటప్పుడు కొత్త చోటు కదా అని అందరూ తల వంచే వచ్చారు. వెళ్ళేటప్పుడు ప్రతివాడూ కాగితం చూసుకుంటూనే వెళ్ళాడు.

మధ్యాహ్నానికి వసారాలో ఆరుగురు అధికారులు వరసగా గోడకి ఆనుకుని ఉన్నారు. ఆరు నుదుళ్ళ మీద ఆరు బొప్పులు. గాయపడ్డ అతిథి పోషణ గృహస్థు విధి అని క్లాజు పదిహేను చెబుతోంది కాబట్టి పేరిందేవి పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. వాళ్ళకి వంకాయ కూర నచ్చింది. రసంలో ఇంగువ సరిపోలేదని మేనేజరు రాతపూర్వకంగా తెలియజేశాడు.

ఆమె వడ్డన అయ్యాక పరాంకుశం గారి ముందుకొచ్చి నిలబడింది. "ఏవండీ, రేపే నా పేరంటం. నేను అందరినీ బొట్టు పెట్టి పిలిచానండీ. ఏదైనా దారి చెప్పండి, మీకు పుణ్యం ఉంటుంది."

ఆమె వంట తిన్నవాడు కనక పరాంకుశం గారి మనసు కరిగింది. "ఒక దారి ఉందమ్మా. ఈ నిబంధన ఇంటి యజమానులకే. అద్దెకున్నవారి పేరంటాలకు వర్తించదు. ఈ ఇల్లు మాది కాదు, మేం అద్దెకుంటున్నాం అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి. శుక్రవారం ఒక్కరోజుకే. శనివారం మళ్ళీ మీదని రాసుకోవచ్చు. నేనే డ్రాఫ్టు చేసిస్తాను."

ఆయన మంచి మనసుతోనే చెప్పారు. నరహరి కూడా ఆశగా చూశాడు. పేరిందేవి చేతిలో గరిటె అలాగే ఉంది.

"పదిహేడేళ్ళు మాది కాని ఇంట్లో ఉన్నామండీ," అంది. "మేకు కొట్టాలన్నా అడిగే కొట్టాం. ఇది మాది కాదని నేను ఒక్కరోజు కోసం కాదు, ఒక్క పూట కోసం కూడా రాయను. పేరంటం లేకపోతే లేకపోయింది."

అనేసి వంటింట్లోకి వెళ్ళి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పేరంటానికని నానబెట్టడానికి తెచ్చిన శనగల మూట మూలన ఉంది. నరహరి వచ్చి పక్కన నిలబడ్డాడు. మూట విప్పి శనగల్లో రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు.

సాయంత్రం నాలుగింటికి ఛైర్మన్ గారే స్వయంగా వచ్చారు. పురపాలక సంఘంలో సంతకం పెట్టేవాడు లేక కుళాయిలు కూడా విప్పలేదని ఆయన మండిపడుతూ వచ్చారు. అధికారుల వరసను చూసి, "సిగ్గు లేదయ్యా మీకు? లేవండి! నా వెనకాల రండి!" అని గర్జించి, వెనక్కి తిరిగి, తల ఎత్తుకుని, కాస్త వేగంగా నడిచారు. ఇంటి పెంకులు కదిలాయి.

ఈసారి పేరిందేవి ఏమీ అనలేదు. అధికారులే ఆరుగురూ ఏకకంఠంతో, "అయ్యో, కూర్చుని మంచినీళ్ళు తాగండి సార్" అన్నారు.

ఛైర్మన్ గారు కుర్చీ అంటే భయపడి నేల మీదే కూర్చున్నారు. నొప్పి కాస్త తగ్గాక ఆయనకి తన గాయం చరిత్రాత్మకమని పరాంకుశం గారు వివరించారు. వివరించడమే కాదు, ఊరట కోసం నిబంధన మొదటి క్లాజు నుంచి చదివి వినిపించారు. పేరిందేవి వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ వింటోంది. వినాలని వినడం లేదు, చెవిన పడుతోంది.

"క్లాజు ముప్ఫైమూడు. గాయపడినవారిని పరామర్శించుటకు వచ్చువారు అతిథులుగా పరిగణింపబడరు. వారి సంఖ్యకు పరిమితి లేదు."

"అది నేను చేర్పించిందే," అన్నారు ఛైర్మన్ గారు గర్వంగా. "నేను కుర్చీలోంచి పడ్డప్పుడు నాలుగొందల మంది పరామర్శకి వచ్చారు. వాళ్ళని ఆపుతారా ఎవరైనా?"

పేరిందేవి చేతిలో గిన్నె కిందికి దించింది. భర్త వైపు చూసింది. నరహరి ఆమె ముఖం చూసి శనగలు ఏరడం ఆపాడు.

"ఏవండీ," అంది మెల్లగా. "శనగలు నానబెట్టండి. భూషణమ్మ పిన్నిగారితో చెప్పి రండి. ఛైర్మన్ గారి తలకి గట్టి దెబ్బ తగిలిందట, రేపు నాలుగింటికి అందరూ పరామర్శకి రావాలని."

శుక్రవారం సాయంత్రం గానుగ వీధి కళకళలాడిపోయింది. నూటపద్ధెనిమిది మంది ఆడవాళ్ళు, పట్టుచీరలు, జడల్లో కనకాంబరాలు. ముందు భూషణమ్మ పిన్నిగారు. డెబ్భై ఏళ్ళ మనిషి, నాలుగు వీధులకీ పెద్ద దిక్కు. పరాంకుశం గారు గుమ్మంలో అడ్డం నిలబడ్డారు.

"ఎవరు మీరంతా?"

"పరామర్శకి వచ్చాం నాయనా."

"పరామర్శకి పట్టుచీరలా?"

"ఛైర్మన్ గారి తల కదయ్యా. నలిగిన చీరలు కట్టుకుని వస్తే ఆయన హోదాకి ఏం మర్యాద?"

లోపల్నుంచి ఛైర్మన్ గారు, "రానీయవయ్యా, అభిమానులు!" అని కేకేశారు. పరాంకుశం గారు పక్కకి తప్పుకున్నారు.

భూషణమ్మ పిన్నిగారు వంగి, గడపకి చేయి తాకించి కళ్ళకి అద్దుకుని, అలా వంగి ఉండగానే లోపలికి వచ్చేశారు. ఆవిడ వెనకాల ఇంకొకావిడ. ఇంకొకావిడ. ఒక్కరూ గుమ్మం ఎత్తు చూడలేదు, ఒక్కరికీ తగల్లేదు. నరహరికి ఎక్కడ లేని ఉత్సాహం వచ్చింది. గుమ్మం పక్కన నిలబడి, "లోపల ఖాళీ ఉందమ్మా, ముందుకి జరగండి, ముందుకి!" అని రెండు చేతులూ ఊపాడు.

ప్రతి ఒక్కరూ ముందు ఛైర్మన్ గారి దగ్గరికి వెళ్ళి, "ఎలా ఉందండీ తల?" అని అడిగి, తర్వాత పేరిందేవి ముందు కూర్చున్నారు. పేరిందేవి పెద్ద గిన్నెలో తడి పసుపు కలుపుకుని పాదాలకి రాయడం మొదలుపెట్టింది.

ఛైర్మన్ గారు ఆ దృశ్యం కాసేపు చూసి, "అమ్మా, అదేమిటి?" అన్నారు.

"దెబ్బకి పసుపు మంచిదండి," అంది పేరిందేవి.

"దెబ్బ తగిలింది నా తలకి కదా. పసుపు వాళ్ళ కాళ్ళకెందుకు?"

"పరాయి మగవారు మీరు, మీ తలకి మేం రాయలేం కదండీ."

ఇందులో ఏదో తేడా ఉందని ఛైర్మన్ గారికి అనిపించింది. కాని అంతలో ఆయన చేతిలో శనగల పొట్లం పెట్టారు. శనగలు తింటూ ఆలోచించడం ఆయనకి అలవాటు లేదు.

గంటన్నరలో నూటపద్ధెనిమిది మందీ పసుపు కాళ్ళతో గచ్చు మీద నడిచి, తాంబూలాలు పట్టుకుని, మళ్ళీ గడపకి దణ్ణం పెట్టుకుంటూ వంగి బయటికి వెళ్ళిపోయారు. పరాంకుశం గారు ఎర్రపెన్ను పట్టుకుని ప్రతి పాదాన్నీ వెంబడించారు. ఎవరూ జారలేదు. ఎవరూ తగిలించుకోలేదు. ఆయన కాగితం తెల్లగా మిగిలిపోయింది. మనిషి ఎంత నీరసించిపోయాడంటే మార్కండేయులు వచ్చి భుజం తట్టాల్సి వచ్చింది.

ఛైర్మన్ గారు మాత్రం దీర్ఘాలోచనలో పడ్డారు. ఆయన ఆలోచన అంటే ఊరికి భయం. మెల్లగా లేచి, గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఆడవాళ్ళు చేసినట్టే వంగి గడప తాకి, క్షేమంగా వీధిలోకి వచ్చి నిలబడ్డారు. వెనకాల ఆరుగురు అధికారులూ హోదా వరసలో వంగి బయటపడ్డారు.

"పరాంకుశం గారూ, రాసుకోండి," అన్నారు ఛైర్మన్ గారు. "మనకి లోపల తగిలినవి గాయాలు కావు. ప్రయోగాత్మక గాయాలు. ప్రయోగం విజయవంతమైంది. నూటపద్ధెనిమిది మంది రాకపోకలు, ఒక్క దెబ్బ లేదు. కారణం ఏమిటి? గుమ్మం పొట్టిగా ఉండడం. కాబట్టి వేణుగుంటలో ప్రతి గుమ్మాన్నీ నాలుగడుగుల తొమ్మిదంగుళాలకి తగ్గించాలి. ముందు మన ఆఫీసు గుమ్మం. సోమవారం పనులు మొదలు."

"గుమ్మాలు కూలగొట్టేటప్పుడు తగిలే గాయాలకి వేరే పాలసీ ఉంది సార్," అన్నాడు మార్కండేయులు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టుకుంటూ వీధి మలుపు తిరిగారు.

పరాంకుశం గారు మాత్రం ఆగారు. ఫైలు ముగించాలి కదా. వసారాలోకి వచ్చి, పేరిందేవి ముందు ఒక పొడుగాటి కాగితం పెట్టారు.

"యోగ్యతా పత్రం ఇస్తున్నాం. ఈ బాధ్యతా స్వీకార పత్రం మీద సంతకం చెయ్యండి. కాని చెప్పడం నా ధర్మం, దీని మీద సంతకం పెట్టడం చాలా ప్రమాదం. ఇకపై ఈ ఇంట ఎవరి తల తగిలినా, ఎవరి కాలు జారినా, ఎవరి నోరు కాలినా, మనసు నొచ్చుకున్నా సరే, తరతరాలు పూర్తి బాధ్యత మీదే అవుతుంది. ఊళ్ళో చదివినవాళ్ళెవరూ ఇంతవరకు దీని మీద సంతకం పెట్టలేదు. నెమ్మదిగా చదివి, ఆలోచించుకుని..."

పేరిందేవి పసుపు చేతులు కొంగుకి తుడుచుకుని కాగితం అందుకుంది. పైనుంచి కింది దాకా చదివింది. ఒకచోట ఆగి ఇంకోసారి చదివింది. నరహరి జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. ఆమె నిదానంగా, అక్షరాలు గుండ్రంగా వచ్చేలా, పూర్తి పేరు రాసి సంతకం పెట్టేసింది.

పరాంకుశం గారు కంగారుపడ్డారు. "ఏం రాసి ఉందో సరిగ్గా చూశారా అమ్మా?"

"చూశానండీ," అంది పేరిందేవి. ముఖం వెలిగిపోతోంది. "సంతకం కింద 'ఇంటి యజమానురాలు' అని అచ్చు వేశారు. ఇంకో కాపీ ఉంటే ఇవ్వండి, అది కూడా పెట్టేస్తాను."